చింతపండుతో తోమిన లెన్సు

పాత లెన్సు పట్టుకొచ్చే మగవాళ్లంటే ధనశ్రీకి ఒళ్లు మంట. ఇత్తడి కనిపిస్తే చాలు, తెల్లదొరల కాలం నాటిదనేస్తారు. గోపాలపట్నంలో తండ్రి అప్పగించిన కెమెరా రిపేరు షాపు నడుపుతూ, ఆరేళ్లలో అలాంటి మహానుభావులను ఎంతమందిని ముఖం మాడ్చి పంపిందో లెక్కలేదు.

ఓ వానరోజు ఇంకొకడు దిగాడు. పేరు సాయిశంకర్, స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం. సంచిలోంచి కొబ్బరికాయంత ఇత్తడి లెన్సు తీసి బల్లమీద పెట్టాడు. అది తళతళా మెరిసిపోతోంది.

"మా తాతకి తాతది మేడమ్. నల్లగుడ్డ కప్పుకుని ఫొటో తీసే పెట్టె కెమెరా ఉండేది కదా, దాని లెన్సు. 1910కి ముందుదట. మీరు కాయితం రాసిస్తే ప్లాంటు వాళ్ల ఎగ్జిబిషన్‌లో పెడతాను."

"ఎవరు సెప్పారు, 1910 అని?"

"మా మామ్మ."

"మామ్మగారు లెన్సుల్లో డిగ్రీ సేసారేటి?"

అతను నవ్వాడు. నవ్వు బాగుంది. బాగుండటంతో ఆమెకు మరింత చిరాకొచ్చింది.

"కంపెనీ పేరు, నంబరు అంచు చుట్టూ సెక్కుతారండీ. నంబరుంటే లిస్టులో ఏ సంవత్సరమో పట్టుకుంటాం. ఇక్కడేటి, అంతా నున్నగా ఉంది?"

సాయిశంకర్ నసిగాడు. "దేవుడి గదిలో ఉండేది. మామ్మ ప్రతి శుక్రవారం చింతపండుతో తోమేది. అరవై ఏళ్లు."

"హారతి పళ్లెంతో పాటు లెన్సునీ తోమేసారా! బొట్టు కూడా పెట్టీవారేటి?"

"పండగలకి."

ధనశ్రీ తల పట్టుకుంది. లెన్సును ట్యూబ్‌లైటు కిందకు వంచింది. గాజు నీలంగా మెరిసింది.

"అయిపోయింది. ఈ నీలం సూసారా? గాజు మీద వేసే కోటింగు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతది. మీ మామ్మగారు కోతలు కోసేరు."

సాయిశంకర్ నవ్వు చటుక్కున ఆగిపోయింది. "నన్నేమైనా అనండి. మామ్మ అబద్ధమాడదు. విప్పి చూసి ఫోన్‌లో చెప్పండి. నేనిక రాను."

వానలో విసవిసా వెళ్లిపోయాడు. పోతే పోనీ, పెద్ద పౌరుషం!

అతని నోరు మూయించాలనే ధనశ్రీ లెన్సు విప్పింది. కోటింగయితే గాజులన్నిటికీ సమంగా ఉండాలి. ఇక్కడ నీలం ఒక్క గాజుకే ఉంది, అదీ మచ్చలు మచ్చలుగా. వయసు మీద పడ్డ గాజుకు తనంతట తాను పట్టే నీలం అది. గాజు అంచున, చింతపండు చేరని చోట, ఎప్పటి పనివాడో పెన్సిలుతో కంపెనీ పేరూ నంబరూ రాసిపెట్టాడు. లిస్టు తీసింది. 1908.

లెన్సు సంగతి సరే, ముఖమైనా చూడని ముసలావిణ్ణి అబద్ధాలకోరు చేసేసింది. ఫోన్ చేసి తప్పు ఒప్పుకుంటే సరిపోతుంది. కానీ అతనిక రానన్నాడు. అది తలుచుకుంటే మాత్రం గుండె కలుక్కుమంటోంది.

మర్నాడు రసీదులో అతను రాసిన అడ్రసు పట్టుకుని సింహాచలం కొండకింద ఇల్లు వెతుక్కుని వెళ్లింది. వాకిట్లో సంపెంగలు ఏరుతున్న మామ్మ రామలక్ష్మమ్మ తలెత్తింది.

"నువ్వేనేటి, నాను కోతలు కోసానన్నది?"

"నానే మామ్మా. తప్పు నాది. అది 1908ది. లెన్సుతో పాటు కాయితం కూడా రాసి తెచ్చాను."

"నాకు తెలిసిందే నాకు సెప్పడానికి ఇంతదూరం వచ్చేవా!"

గుమ్మంలోకి వచ్చిన సాయిశంకర్ కూడా బిగుసుకునే ఉన్నాడు. "ఫోన్‌లో చెప్తే సరిపోయేది కదండీ."

"సరిపోయేదే. కానీ మీరు మళ్లీ షాపుకి రారు కదా. మీరు రాకపోతే నాకు బాగోదు. మీరు నవ్వితే... మీరంటే నాకిష్టం. సెప్పేసాను. ఇప్పుడు మాత్రం నవ్వారో, సంపేస్తాను!"

అప్పటికే అతని ముఖమంతా నవ్వు. "మిమ్మల్ని తిట్టుకుంటూ రాత్రంతా నిద్రపోలేదు. రేపట్నుంచి రోజూ వస్తాను. మా ఇంట్లో లెన్సులు ఇంకేం లేవు మరి, ఫర్వాలేదా?"

"ఉత్తి చేతుల్తో రండి. నాకదే మేలు."

రామలక్ష్మమ్మ ఇద్దర్నీ ఎగాదిగా చూసి మూతి తిప్పింది. "దీని నోరు మంచిది కాదురా. అయితే ఏటి, తప్పని తెలిస్తే గుమ్మంలోకొచ్చి ఒప్పుకుంది. మీ తాత సచ్చేదాకా ఒక్కటీ ఒప్పుకోలేదు." సంపెంగ ఒకటి తీసి ధనశ్రీ జడలో దోపింది. "ఒసే, మీ నాన్న ఏ యేళకి ఇంట్లో ఉంటాడే?"