ఊరికే పరిగెత్తే శాంతికుమార్

ఆ తొంభైల రోజుల్లో ఉదయగిరిలో ఊరికే పరిగెత్తే మనిషి లేడు. పరిగెత్తినాడంటే బస్సన్నా పోతుండాల, ప్రాణమన్నా పోతుండాల. స్కూలు క్లర్కు శాంతికుమార్ పొట్ట మీద ప్యాంటు గుండీ పట్టకుండా పోయేసరికి, ఒక పొద్దున లేచి రోడ్డు మీద పరుగు మొదలుపెట్టినాడు. అంతే, వీధి వీధంతా వెనకాలే వచ్చింది!

పంపు కాడ ఉన్న లిదియమ్మ కూతురు జెస్సీ బిందె వదిలేసి మరీ పరిగెత్తుకొచ్చింది.

"ఎవురికి ఏమైంది? మీ నాయనకా?"

"ఎవురికీ ఏం కాలా. ఊరికే."

"ఊరికేనా! తాడు తెంచుకున్న దూడ గూడా ఊరికే పరిగెత్తదు, తల్లి కాడికి పరిగెత్తుతాది!"

మూతి తిప్పుకొని పోయిందా పిల్ల. ఇతనికి ఆయాసం తగ్గింది గానీ గుండె దడ తగ్గలా.

మర్నాటి నుంచి జనం అడక్కుండా చేతిలో పాలక్యాను పట్టుకున్నాడు. ఎదురింటి మస్తానయ్య ఊరుకుంటాడా?

"పాలు పోసేది మన పక్కింట్లోనే గదరా, ఊరు చుట్టి పోతావేంది?"

ఆ చుట్టులోనే ఉండాది సుఖం. కోటకొండ మీద తొలి ఎండ, గరిటెలు చెక్కే ఇళ్ల ముందు పచ్చిచెక్క వాసన, మొదట మొరిగి తర్వాత తోడొచ్చే కుక్క. పంపు కాడికి రాగానే పొట్ట లోపలికి పీల్చి జోరు పెంచేవాడు. మలుపు తిరగ్గానే నడకే. ఒకరోజు ఆ మలుపు కాడే జెస్సీ బిందెతో నిలబడి ఉండాది.

"ఏంది, మా పంపు దాటినాక పెట్రోలు అయిపోతాదా?"

ఆ తర్వాత రోజూ రెండు మాటలు, నాలుగు వెక్కిరింపులు. ఊరికీ అలవాటైపోయింది. ఇంక ఎవురూ "ఏమైంది" అని అడగడం లేదు.

ఒకనాడు జెస్సీ వెక్కిరించలా.

"రేపు అమ్మతో ఆత్మకూరు పోతుండా. ఆడ పిన్నోళ్లింటికి జలదంకి ఊరి పెళ్లివాళ్లు నన్ను చూసేదానికి వస్తుండారు."

"ఓహో."

"ఓహోనా? కాళ్లకుండే చురుకు నోటికి లేదే నీకు!"

మర్నాడు పొద్దున పంపు కాడ జెస్సీ లేదు. ఆత్మకూరు మీదగా పోయే నెల్లూరు బస్సు అప్పుడే స్టాండు దాటుతుండాది. శాంతికుమార్ క్యాను పారేసి, "ఆపన్నా!" అంటా పరిగెత్తినాడు. డ్రైవరు తల బయటపెట్టి నవ్వినాడు.

"రోజూ ఉండేదే గదా సార్, కానీండి, కానీండి!" అని గేరు మార్చినాడు.

కిటికీలోంచి జెస్సీ కేక. "ఈ పొద్దు ఊరికే కాదన్నా! ఆపు!"

వెంటనే లిదియమ్మ గొంతు. "నీకెట్టా తెలుసే?"

బస్సు ఆగింది. ఎక్కినాడు. ఊపిరి కంటే ముందు మాటే వచ్చింది.

"జెస్సీని నాకియ్యండత్తా!"

బస్సంతా చెవులు రిక్కించింది.

"ఈ మాట ఇంటికొచ్చి అడగొచ్చు గదా! మా గడప ముందు నుంచే గదా రోజూ పోతావు?"

"మీరు కాదంటే, మళ్లీ ఆ వీధిలోకి వచ్చేదానికి మొహం ఉండదని భయపడినానత్తా."

లిదియమ్మ కూతురి వైపు చూసింది. కూతురు తల దించుకొని పైటకొంగు వేలికి చుట్టుకుంటా ఉండాది.

"జలదంకి వాళ్లకి నేను చెప్పుకుంటాలే. కండక్టరూ, ఆత్మకూరుకి ఇంకో టికెట్టు కొట్టు. మా చెల్లెలు ఈపాటికి కోడిని కోసుంటాది, తినే మనిషుండాల గదా!"

సీటు దొరకలా. శాంతికుమార్ ఆత్మకూరు దాకా నిలబడే పోయినాడు. ప్రతి మలుపుకీ జెస్సీ అతని చొక్కా అంచు పట్టుకునింది, పడిపోతాడని కాదులే!