ఆ నలభై సెకన్లు

ఆదివారం పొద్దున వంటగది బల్ల మీద ఫోను నిలబెట్టుకుని, ఉడికిన గుడ్డు పెంకు ఒలుస్తూ ఆయన తీర్పు చెప్తున్నాడు.

"ఫస్టాఫ్‌లో హీరో నిద్రలో నడిచినట్టు నడిచాడు. దాచడానికేం లేదు. మూడో భాగం నుంచీ ఇదే వరస, ముఖం పట్టుకొస్తున్నాడు, మనసు ఇంట్లో వదిలేసి వస్తున్నాడు. విలన్ నయం, గొంతు పెంచకుండా భయపెట్టాడు. తల్లి వేషం వేసినావిడ ఉంది చూశారూ, రెండే సీన్లు, అందర్నీ మింగేసింది. కానీ..." ఇక్కడ ఆగి గుడ్డు గిన్నెలో పెట్టాడు. "వంతెన మీంచి జారిపోతున్న బస్సుని పట్టుకున్న ఆ నలభై సెకన్లున్నాయే, వాటికి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రెండుసార్లు చూశాను, రెండుసార్లూ నిలబడ్డాను. వెనకాయన కూర్చోమని కసిరాడు. కాళ్ళు వింటే కదా."

ఆయన టవర్ క్రేన్ ఆపరేటరు. ఇరవై ఆరేళ్ళుగా, కట్టే భవనం కన్నా ఎత్తులో ఉండే గాజు కేబిన్లో కూర్చుని ఇనుమూ కాంక్రీటూ ఎత్తి దింపడం ఆయన పని. కింద పనిచేసేవాళ్ళు ఆయన్ని 'పైవాడు' అంటారు. పైవాడి దయ ఉంటే సాయంత్రానికి శ్లాబు పూర్తవుతుందని నవ్వుకుంటారు. సూపర్‌హీరో సినిమా ఏది వచ్చినా పైవాడు మొదటి వారమే చూసి, సైటు గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడతాడు. ఎనభైమంది దానికోసం చెవులు కోసుకుంటారు. ఈసారి ఆ ఆత్రం మరీ ఎక్కువ. ఈ సినిమాకి గ్రాఫిక్స్ చేసిన కంపెనీల్లో ఒకదాంట్లో ఆయన కూతురు యానిమేటరు. ఏ సీను చేసిందో ఆయనకి తెలియదు. విడుదలయ్యేదాకా ఎక్కడా నోరు విప్పకూడదని ఆమె చేత సంతకం చేయించుకున్నారు. విడుదలయ్యాక ఆమే చెప్పలేదు.

కూతురు గదిలోంచి వచ్చి ఎదురుగా కూర్చుంది. కుడి మణికట్టుకి పట్టీ ఉంది. తల్లి టీ కప్పుని ఆమె ఎడమచేతి వైపు పెట్టింది.

"మెసేజ్ పంపేశావా నాన్నా?"

"ఇప్పుడే పోయింది. ఏం అమ్మలూ?"

"రేపు రాజీనామా ఇచ్చేస్తున్నాను."

ఆయన నవ్వబోయి, కూతురి ముఖం చూసి ఆగిపోయాడు. "ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు. నావల్ల కావట్లేదు, అంతే."

"ఏసీ గదిలో కుర్చీలో కూర్చుని చేసే పని, అది నీవల్ల కాకపోవడమేంటి? గాలికి నా కేబిను ఉయ్యాలలాగా ఊగుతుంది. నేను ఏ రోజైనా ఆ మాట అన్నానా?"

"మీరు కాసేపు ఆగండి." తల్లి స్టవ్ ఆపి ఇటు తిరిగింది. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగిస్తుంది. "ఏడాదిలో దాని నంబరు రెండుసార్లు పెరిగింది. రెండుసార్లూ అద్దాలు బిగించింది నేనే. చెంచా పట్టుకుంటే దాని చెయ్యి వణుకుతోంది. మీకు కనపడ్డం లేదా?"

"కనపడకేం. కానీ ఎలాంటి పని అది. ఎక్కడెక్కడి జనమో నోరు తెరిచి చూసే పని. అందరికీ దొరుకుతుందా? సైటులో చిన్నా పెద్దా అందరూ నీ గురించే అడుగుతారు. ఆ హీరో బస్సు పట్టుకున్నప్పుడు నేనేమనుకున్నానో తెలుసా, ఇంత గొప్ప నటుడి సినిమాలో నా కూతురు కూడా..."

"ఆయన పట్టుకోలేదు నాన్నా."

"ఏంటి?"

"ఆ సీన్లో ఆయన లేడు. ఆ వారం షూటింగుకే రాలేదు. వంతెన లేదు, బస్సు లేదు. అక్కడ అసలు మనిషే లేడు. నువ్వు లేచి నిలబడింది బొమ్మకి."

మాట బయటికొచ్చాక గానీ అది ఎంత పదునుగా ఉందో ఆమెకి తెలియలేదు. ఆయన ఫోను తీసి చేతిలో తిప్పాడు. అప్పటికే గ్రూపులో నలభైమంది విన్నారు. ఎవరో 'పైవాడు చెప్తే తిరుగులేదు' అని రాశారు. ఆయన ఫోను బోర్లా పెట్టి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

"నిజమే చెప్పానమ్మా," అంది కూతురు.

"నిజమేలే. సూది కూడా నిజమే, గుచ్చుకుంటుంది." తల్లి ఆమె పక్కన కూర్చుంది. "వాన పడ్డా ఎండ కాసినా ఆయన రోజంతా ఒక్కడే పైన కూర్చుంటాడు. మాట్లాడేదీ రేడియోలోనే. మనుషుల మధ్య కూర్చుని నోరు తెరుచుకుని చూసేది ఆ సినిమాలే. వాటినీ బొమ్మలు చేసేశావు."

కూతురు తల వంచుకుంది. టీ మీద మీగడ కట్టింది.

గంట తర్వాత ఆయన తిరిగొచ్చాడు. కోపంగా లేడు. కష్టమైన బరువేదో ఎత్తాల్సిన రోజు ఎలా ఉంటుందో, ఆయన ముఖం అలా ఉంది.

"మధ్యాహ్నం ఆటకి రెండు టికెట్లు తీశాను. నాతో రా. ఎక్కడెక్కడ మనిషి లేడో నాకు చూపించు."

హాలు సగం ఖాళీగా ఉంది. సినిమా మొదలైంది. కాసేపటికి ఆయన ఆమె చెవి దగ్గరికి వంగి అడగడం మొదలుపెట్టాడు. ఈ వాన? వాన కాదు నాన్నా. హీరో వీపు మీద ఆ దుప్పటి ఎగరడం? దాన్ని ముగ్గురు కలిసి మూడు నెలలు ఎగరేశారు. విలన్? ఆయన మాత్రం ఆయనే. తల్లి వేషం వేసినావిడ ఏడవకుండా ఏడ్చే సీను వచ్చినప్పుడు ఆయన భయం భయంగా అడిగాడు. "ఇది?"

"ఆవిణ్ణి మేం ముట్టుకోలేదు. ముట్టుకోవడానికి ఆవిడ ఏం మిగల్చలేదు."

"నే చెప్పలేదూ," అన్నాడాయన. పొద్దుటి నుంచి మొదటిసారి ఆయన గొంతులో తృప్తి వినిపించింది.

వంతెన వచ్చింది. బస్సు వెనక చక్రాలు గాల్లోకి జారాయి. ఈసారి ఆయన నిలబడలేదు. ముందుకి వంగి, ముందు సీటు అంచుని రెండు చేతులతో పట్టుకున్నాడు. వెలుతురు ఆయన ముఖం మీద ఎక్కి దిగుతోంది. యాభై ఆరేళ్ళ మనిషి, రెప్ప వేయడం లేదు. కూతురు తెరని వదిలేసి ఆయన్ని చూసింది. ఆ నలభై సెకన్లని ఆమె కొన్ని వేలసార్లు చూసింది గానీ, వాటిని చూస్తున్న మనిషిని ఎప్పుడూ చూడలేదు.

"చూడు," అన్నాడాయన గుసగుసగా. "ముందు భుజం కుంగింది. తర్వాత మోకాలు. వేళ్ళకి బరువు అన్నిటికన్నా చివర్న తెలిసింది. తాడు బిగిసే క్షణానికీ, సామాను నేల విడిచే క్షణానికీ మధ్య ఒక ఊపిరి ఉంటుంది అమ్మలూ. అప్పుడు ఎవరూ మాట్లాడరు, నేనూ ఊపిరి పీల్చను. పుస్తకంలో రాసి ఉండదది, ఎత్తినవాడికే తెలుస్తుంది. ఇదిగో, ఇదిగో, ఇక్కడుంది. మనిషే లేడన్నావు. మరి ఈ ఊపిరి ఎవరిది?"

"నాది నాన్నా."

ఆయన మెల్లగా ఇటు తిరిగాడు.

"ఐదు నెలలు చేశాను. ముప్పై ఒక్కసార్లు తిప్పి పంపారు. ఆ ఆగడం తీసెయ్యమన్నారు, సూపర్‌హీరోకి బరువేంటన్నారు. నేను తియ్యలేదు. స్కూలు సెలవుల్లో నన్ను సైటుకి తీసుకెళ్ళేవాడివి కదా. కంచె బయట నిలబడి నీ కొక్కేన్నే చూస్తుండేదాన్ని. బరువు లేచే ముందు ఒక్క క్షణం లోకమంతా ఆగిపోయేది. దాన్నే పెట్టాను."

తెర మీద బస్సు క్షేమంగా ఒడ్డుకి చేరింది. హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆయన అటు చూడలేదు. ఇరవై ఏడేళ్ళుగా ఎరిగిన కూతుర్ని, అంతకుముందెప్పుడూ చూడనంత ఎత్తైనదాన్ని చూసినట్టు చూస్తూ ఉండిపోయాడు. మిగతా సినిమా ఎటు పోయిందో ఆయనకి తెలియదు.

లైట్లు వెలిగాక జనం లేచారు. ఆయన లేవలేదు. తెర మీద పేర్లు పైకి పాకుతున్నాయి, చీమల బారులాగా. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు.

"నీ పేరు ఎప్పుడొస్తుంది?"

"రాదు నాన్నా. మా కంపెనీ నుంచి పదిమందికే చోటిచ్చారు."

అయినా ఆయన చివరి అక్షరం దాకా చదివాడు. తెర నల్లబడింది.

"పొద్దున ఏమీ తెలియకుండా నోరు జారాను. తప్పు నాది."

"నేనూ అలా అనాల్సింది కాదు."

"అంటే అన్నావులే. ఆ కంపెనీ వదిలెయ్యి. గాలి పెద్దదైతే నేనైనా క్రేను ఆపేసి నిచ్చెన దిగొచ్చేస్తాను. పైన కూర్చుని పంతానికి పోను. ముందు ఆ చెయ్యి నయం కానీ. తర్వాత ఏం ఎత్తాలో, ఎత్తాలో వద్దో, నువ్వే చెప్పు."

"మరి సైటులో ఏం చెప్తావు?"

"ఉన్నది చెప్తాను. హీరో గురించి పొరపాటు పడ్డానంటాను. ఆ సీను గురించి పడలేదంటాను."

ఆమె నవ్వింది. లేచి వరసలోంచి బయటికొస్తుంటే, చీపురుతో కాగితం కప్పులు ఊడుస్తున్న పెద్దావిడ దారి ఇచ్చి పక్కకి నిలబడింది. ఆయన ఆమె దగ్గర ఆగాడు.

"ఇందాక బస్సు సీను మీరు చూశారా అమ్మా?"

"రోజుకి నాలుగు ఆటలు బాబూ, నేను సినిమా ఏం చూస్తాను. కానీ ఆ సీను టైముకి మాత్రం తలుపు దగ్గరికొచ్చి నిలబడతాను. చూసిన ప్రతిసారీ నా భుజాలే నొప్పెడతాయి."

"ఆ సీను చేసింది మా అమ్మాయి."

పెద్దావిడ చీపురు గోడకి ఆనించింది. కూతుర్ని ఆపాదమస్తకం చూసింది. సన్నటి మనిషి, దళసరి కళ్ళద్దాలు, మణికట్టుకి పట్టీ. గ్రాఫిక్స్ అంటే ఏమిటో, ఎలా చేస్తారో ఆమె అడగలేదు. దగ్గరికొచ్చి, పట్టీ ఉన్న ఆ చేతిని తన రెండు చేతుల్లోకి మెత్తగా తీసుకుంది.

"అంత బరువు ఒక్కదానివీ ఎలా మోశావమ్మా?"

ఐదు నెలల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. ఆ ఖాళీ హాల్లో, ఆవిడ భుజం మీద తల పెట్టి, కూతురు చిన్నపిల్లలా ఏడ్చేసింది. పక్కనే నిలబడి ఉన్న తండ్రి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, ఎంతసేపు తుడిచినా మసక వదలడం లేదనుకున్నాడు.