నురగ సాక్ష్యం

2004 నవంబరు 14, ఆదివారం. ఉదయం తొమ్మిదీ నలభై.

ఇంగ్లండ్‌లోని స్లౌ ఊళ్ళో ఓ ఇంటి వెనక గ్యారేజీ.

డిటెక్టివ్ సార్జెంట్ విద్యాసాగర్ గుమ్మంలోనే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పులిసిన గింజల కంపు. దాని మీద వాంతి కంపు. పాత సోఫాలో బోర్లా పడి ఉంది శవం.

మృతుడి పేరు మల్లికార్జున. వయసు ముప్పై నాలుగు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. సెలవు దొరికితే చాలు, ఈ గ్యారేజీలో సొంతంగా బీరు చేసుకునేవాడు.

సోఫా పక్కన రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా. సగం బీరు ఉంది. మూలన బీరు నిలవచేసే ఓ స్టీలు కెగ్, నురగ కోసం కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్. సిలిండర్ మూతికి పాత టవల్ చుట్టి ఉంది. ఆ పక్కనే కారు రేడియేటర్‌లో పోసే యాంటీఫ్రీజ్ డబ్బా. మూత తీసి ఉంది.

కానిస్టేబుల్ కార్టర్ వాసన చూద్దామని సీసా మూత తిప్పాడు. బుస్సుమంది. నురగ పొంగి చొక్కా చేతిని తడిపేసింది.

"ముట్టుకోవద్దన్నానా?" అని విద్యాసాగర్ ఇంగ్లీషులో కసిరాడు.

అతను వరంగల్‌లో పుట్టి బర్మింగ్‌హామ్‌లో పెరిగాడు. జన్మలో చుక్క ముట్టలేదు. తాగుబోతుల చావులు చూసీ చూసీ అతనికి జాలి అరిగిపోయి, రోత మిగిలింది.

సోమవారం మధ్యాహ్నం ల్యాబ్ రిపోర్టు వచ్చింది. చావుకు కారణం యాంటీఫ్రీజ్; తియ్యగా ఉండే విషం, ఎక్కితే తాగిన మైకంలాగే కనిపిస్తుంది. సీసాలో ఉంది. కెగ్‌లోనూ ఉంది.

నాలుగు గంటలకు మృతుడి భార్య హైమను అరెస్టు చేశారు. ఇరవై నాలుగు గంటల్లో నేరం మోపి చార్జి చెయ్యాలి, లేదా వదిలెయ్యాలి. చార్జి చేస్తే తండ్రి పోయిన మూడేళ్ళ పాపకు తల్లి కూడా దూరమవుతుంది.

"ఆయన మీద మీకు కోపముండెనా?" విద్యాసాగర్ తెలుగులో అడిగాడు.

"కోపం కాదండీ, అసహ్యం. ఇల్లంతా ఇదే కంపు. పాప పాలు పెట్టుకునే ఫ్రిజ్ నిండా బీరే."

"శనివారం ఏం చూసిన్రు?"

"వాంతి చేసుకుని పడున్నారు. మాట ముద్దగా వస్తోంది. తాగి పడ్డారనుకున్నాను. తలుపేసి వచ్చేశాను. డాక్టర్ని పిలవలేదు. ఆ పాపం నాదే. కానీ విషం నేను కలపలేదండీ."

మృతుడి అక్క భర్త సుబ్బరాజు స్టేషన్‌కు వచ్చి మరీ స్టేట్‌మెంట్ ఇచ్చాడు.

"ఇది ఆవిడ పనేనండి. శుక్రవారం మల్లి ఫోన్‌లో అరుస్తుంటే విన్నాను. 'సోమవారంలోగా నువ్వే చెప్పు, లేకపోతే నేనే చెప్పేస్తా' అన్నాడు. పెళ్ళాంతో కాక ఇంకెవరితో అంటాడు?"

మూడోవాడు భానుప్రకాష్. మృతుడి ఆఫీసువాడే. బీరు విద్యలో గురువు కూడా.

"శుక్రవారం ఏడింటికి వెళ్ళానండి. ఆ సీసా నా ఎదురుగానే తన కెగ్‌లోంచి నింపుకున్నాడు. బ్రహ్మాండమైన నురగ! నేను డ్రైవ్ చెయ్యాలి కదా, ముట్టలేదు."

"ఆ సిలిండర్లు గిలిండర్లు ఎందుకు?"

భానుప్రకాష్ మొహం వెలిగింది. "అదేనండి అసలు కిటుకు. మామూలుగా సీసాలో చక్కెర వేసి మగ్గబెడతారు. నురగ వస్తుంది, కానీ అడుగున ఈస్ట్ మడ్డి పేరుకుంటుంది. చల్లటి బీరును కెగ్‌లో పోసి, సిలిండర్‌కు రెగ్యులేటర్ తగిలించి, వారం రోజులు గ్యాస్ ఎక్కిస్తే ఆ మడ్డి ఉండదు. ఏ కెగ్ కొనాలో, ఏ రెగ్యులేటర్ కొనాలో మల్లికి నేనే చెప్పాను."

స్నేహితుడు పోయి రెండ్రోజులు కాలేదు. వీడి నోట కెగ్గుల పురాణం. విద్యాసాగర్‌కు ఒళ్ళు మండింది.

మంగళవారం మధ్యాహ్నం రెండూ నలభై. గడువు ఇక గంటా ఇరవై నిమిషాలు.

విద్యాసాగర్ మళ్ళీ గ్యారేజీకి వెళ్ళాడు. ఊపిరి బిగబట్టి కెగ్ మూత మీది రింగు లాగాడు. గ్యాస్ ఉంటే సర్రుమనాలి. చప్పుడే లేదు. గ్లాసులోకి కొంచెం వంచాడు. కుడితిలా కారింది. నురగ లేదు.

సిలిండర్ మూతి మీది టవల్ తీశాడు. అందులో చుట్టి ఉన్న రెగ్యులేటర్‌ను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తర్వాత స్టేషన్‌కు ఫోన్ చేశాడు.

మూడూ ఇరవైకి అందరూ గ్యారేజీలో ఉన్నారు. హైమను ఓ ఆడ కానిస్టేబుల్ తీసుకొచ్చింది.

"భానుగారూ, మీరు ఎక్స్‌పర్ట్ కదా. ఈ రెగ్యులేటర్ జర సిలిండర్‌కు బిగించి చూపియ్యండ్రి."

భానుప్రకాష్ స్పానర్ అందుకున్నాడు. ఒకసారి తిప్పాడు. రెండోసారి నొక్కి తిప్పాడు. నట్టు సిలిండర్ మూతి మీదికి ఎక్కనే లేదు.

"ఎక్కదు. అది అమెరికాది. ఇక్కడి సిలిండర్ల మరలు వేరు. ఎవరు తెచ్చిన్రు?" విద్యాసాగర్ అడిగాడు.

"నేనేనండి," సుబ్బరాజు నసిగాడు. "ఆఫీసు పని మీద న్యూజెర్సీ వెళ్తుంటే, అక్కడ చవక బావా, సూట్‌కేసులో పడేసుకురా అన్నాడు మల్లి. బాగా పనిచేస్తోందనే చెప్పాడే!"

"అందరికీ అదే చెప్పిండు. ఇక్కడనే కొనమంటే వినలే. పరువు పోతదని టవల్ చుట్టి దాచిండు. సిలిండర్ తూచినం. నిండుగ ఉంది. ఈ కెగ్‌ల ఒక్క బుడగ గ్యాస్ గూడ ఎక్కలే. అందుల ఉన్నది చప్ప బీరు."

విద్యాసాగర్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"మరి సీసా తెరిస్తే నురగ కార్టర్ అంగీ తడిపింది. ల్యాబ్‌ల రెండ్రోజులు కదలకుంట నిలబెట్టినా అడుగున మడ్డి లేదు. అంటే అది వేరే కెగ్ బీరు. గ్యాస్ ఎక్కించే సామాను ఇంకెవరింట్ల ఉంది? నీ బీరుల విషం కలిపి తెచ్చి తాపినవ్. తన కెగ్‌లకెల్లి తీసుకున్నడని నమ్మియ్యనీకి, డబ్బా మూత తీసి కెగ్‌ల గూడ పోసినవ్. మూత తీస్తే సర్రుమనలేదని ఆ తొందరల నువ్వు గమనియ్యలే. అండ్ల నురగే లేదని నీకు తెల్వదు."

భానుప్రకాష్ స్పానర్‌ను సిలిండర్ పక్కన పెట్టేశాడు.

"నా ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు దొంగవని కనిపెట్టాడు," అన్నాడు నేల చూస్తూ. "సోమవారంలోగా మేనేజర్‌కి నువ్వే చెప్పు అన్నాడు. వర్క్ పర్మిట్ పోతే నేనేమైపోవాలి?"

"నీ పర్మిట్ కోసం వాని ప్రాణం తీసినవ్. ఆ పాపం ఆడమనిషి నెత్తిన రుద్దినవ్. థూ!"

గ్యారేజీ కంపు కడిగితే పోతుంది. ఈ మనిషిని దేనితో కడగాలో విద్యాసాగర్‌కు తెలియలేదు.

సంకెళ్ళు పడ్డాయి. హైమ ఏడవలేదు. సుబ్బరాజు వైపు తిరిగింది.

"నన్ను తీసుకెళ్ళాక పాపని ఎవరు చూశారు అన్నయ్యా?"

సుబ్బరాజు తల దించుకున్నాడు. "నీ మీద స్టేట్‌మెంట్ ఇవ్వడానికి నేను స్టేషన్‌లో ఉన్నానమ్మా. నిన్న సాయంత్రం భానే చూశాడు. పెరుగన్నం కలిపి తినిపించాడట."

"పాపకు విషం పెట్టలేదు! ఒట్టు!" భానుప్రకాష్ అరిచాడు.

అతని ఒట్టును ఎవరూ పట్టించుకోలేదు. ఇంట్లో ఉన్న పాపను ఎక్కించుకుని విద్యాసాగరే కారు తీశాడు. ఆస్పత్రిలో రక్తపరీక్ష చేశారు. ఆరూ పదికి, పాపకేమీ లేదని డాక్టరు చెప్పింది.

ఇంటికి రాగానే హైమ పాపను కిచెన్ సింకు గట్టు మీద కూర్చోబెట్టింది. నోరు కడిగింది. మళ్ళీ కడిగింది.

"మమ్మీ, స్టాప్. ఇట్స్ కోల్డ్," అంది పాప.

హైమ గ్లాసు మళ్ళీ నింపింది.