తప్పుల్లేని చార్టు

“నాలుగింటికి మన ఏజెంట్ల లిస్ట్ దేశం దాటిపోతుంది. పంపే ద్రోహి ఎవరో మాస్టారికే తెలుసు. ఆయన నోరు మూయించడానికి ఆ లిస్ట్ కొంటున్న ముఠా ఒక మనిషిని దించింది. వెళ్లు,” అన్నాడు చీఫ్.

మాస్టారు ఒకప్పుడు ఏజెంట్ ‘పిల్లి’కి పని నేర్పినవాడు. ద్రోహిని కనిపెట్టాడు గానీ, చెప్పేలోపే పక్షవాతం వచ్చి రాసే చెయ్యి పడిపోయింది, మాట ముద్దయిపోయింది.

పిల్లి మాస్టారి అల్లుడి వేషంలో, జేబులో కెమెరా పెన్నుతో ఆస్పత్రి గదిలో దిగాడు. నర్సు బూట్లు మరీ కొత్తవి. కిటికీ తుడిచేవాడు తుడిచిన అద్దమే తుడుస్తున్నాడు. పిల్లికి అందరి మీదా అనుమానమే, స్పీచ్ థెరపిస్ట్ మీద తప్ప. ఆమె నవ్వితే గది వెలిగింది.

“వాన పడేలా ఉందండీ,” అన్నాడు.

“గొడుగు తెచ్చాను లెండి,” అందామె. కోడ్ సరిపోయింది. మన డిపార్ట్‌మెంట్ పెట్టిన మనిషే.

ఆమె బొమ్మలు చూపించింది. మాస్టారు చెమటలు కక్కుతూ ఒక్కో పేరూ నమిలి నమిలి పలికాడు. సగం శబ్దాలు జారిపోయాయి. గురువును అలా చూడలేక పిల్లి ఆమె రాస్తున్న చార్టు వైపు కళ్లు తిప్పుకున్నాడు. పలికిన శబ్దాలను రాసే ఆ వింత గుర్తులు చదవడం రాకపోయినా అతనికి కొత్త కాదు. చిన్నప్పుడు అతనికి నోరు తిరిగేది కాదు. థెరపీ చదువుతున్న అక్క అతని ప్రతి తప్పునూ ఆ గుర్తుల్లోనే రాసుకునేది. “నోరు ఏం పలికిందో అదే రాయాలిరా, ఏం పలకాలో కాదు,” అనేది.

మాస్టారు అంత తడబడుతున్నా ఆమె పెన్ను ఎక్కడా ఆగకపోవడం చూసి మనసు కీడు శంకించింది. పెన్ను నొక్కి చార్టు ఫొటో అక్కకు పంపాడు. నిమిషంలో జవాబు వచ్చింది: “ఒరేయ్, ఇందులో ఒక్క తప్పూ లేదు. ఇంత శుభ్రంగా మాట్లాడేవాడికి థెరపీ దేనికి? ఇది రాసింది థెరపిస్ట్ కాదు!”

తలెత్తాడు.

“ఇప్పుడు మింగే టెస్ట్. నోరు తెరవండి బాబాయిగారూ.” చెంచా మాస్టారి పెదవులకు తగిలింది.

పిల్లి ఒక్క గెంతులో ఆమె మణికట్టు పట్టేశాడు. చెంచాలో నీళ్లు నేల మీద పడి నురగలు కక్కాయి.

“మా కోడ్ నీకెవరిచ్చారు?”

ఆమె నవ్వింది. ఈసారి గది వెలగలేదు.

మాస్టారు ద్రోహి పేరు పదిసార్లు పలికాడు. పిల్లి విన్నది విన్నట్టే తెలుగక్షరాల్లో రాసి అక్కకు పంపాడు. ఏ శబ్దం ఎటు జారిందో అక్క పట్టేసింది. నాలుగింటికి ఇంకా రెండు నిమిషాలుండగా ఆ ద్రోహికి, చీఫ్ సొంత డిప్యూటీకే, సంకెళ్లు పడ్డాయి.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. “తప్పులన్నీ సరిగ్గా రాశావురా. పాసయ్యావు.”