ఏడ్సే కారవాన్

దుబాయ్ దిక్కు ఉమ్ అల్ క్వైన్‌ల బండ్లు బాగుచేసే యార్డొకటి ఉంది. దాని ఎనుక మూలకు, గోడనానుకొని తెల్ల కారవాన్ ఉండేది. అదే, కారుకు తగిలిచ్చుకొని ఎడారికి గుంజుకపోయే చక్రాల ఇల్లు. పొద్దుగూకినంక దాని దిక్కు ఎవ్వలు పోయేటోళ్లు కాదు. లోపల ఎవరో ఏడుస్తరట… తెల్లారి చూస్తే లోపల నేలంత తడి. వాన సుక్క లేదు, ఏసిన తాళం ఏసినట్టే ఉంటది, నీళ్లు మాత్రం ఉంటయి.

"జిన్ను ఏడుస్తది భాయ్," అని వాచ్‌మన్ ఖాదర్ హుస్సేన్ కనవడ్డోనికల్లా చెప్పేటోడు.

అందరు భయపడ్డరు. దేవేందర్‌కు మాత్రం ఒళ్లు మండింది. మండదా మరి? లీకులు పట్టి మూసుడే ఆయన పని. టాంకి ఖాళీ చేసిండు, పైపులు ఇప్పి చూసిండు, పైకప్పు అతుకులన్నిటికి సిలికాన్ పెట్టిండు. తెల్లారంగనే నేల మల్ల తడి. యార్డు మేనేజర్, అందరు ముదీర్ అనే కరీముల్లాది ఒక్కటే మాట— "పహ్లే లీక్ ఖలాస్, ఫిర్ ఛుట్టీ." లీకు బందయితెనే ఊరికి పోను సెలవు. ఆడ ఊర్ల పెండ్లాం కరుణకు నెలలు నిండినయి. కాన్పు యాళ్లకు పక్కనుంటనని మాటిచ్చి ఉండె. ఈ జిన్నుకు ఏడువనీకె నా కారవానే దొరికిందా అని పండ్లు కొరికేటోడు.

ఆఖరికి ఒకనాడు మగ్రిబ్ నమాజ్ అయినంక పోయిండు. ఎండల సబ్బునీళ్లు నిలువయి, అందుకే చీకటిపడ్డంక. తలుపు తీసి కిటికీలన్ని బిగిచ్చి, మల్ల తాళమేసి, పైకప్పు కంతల బ్లోయర్ పెట్టి లోపలికి గాలి కొట్టిండు. బయట అతుకుల మీద సబ్బునీళ్లు పూసిండు. సందున్నకాడ బుడగ లేస్తది, లీకు దొరుకుతది.

ఎనుక కిటికీ రబ్బరు కాడ బుడగ లేసింది.

"దొరికినవ్," అనుకుంట బ్లోయర్ బందు చేసిండు.

గాలి ఆగితె బుడగ పలగాలె. పలగలే… ఉబ్బింది. మెల్లగ అణిగింది. మల్ల ఉబ్బింది.

మిషిను బందున్నది. బుడగ మాత్రం… ఊపిరి తీస్తున్నది.

దేవేందర్ చేతుల బ్రష్షు జారింది. అరబ్బు దేశం జిన్ను మాట్లాడితె అరబ్బీల మాట్లాడాలె, కాదంటె ఉర్దూల. కిటికీ సందుల నుంచి గుసగుస ఇనొచ్చింది—

"తమ్మీ… ఆ మిషిను మల్ల పెట్టకు… ఉడుకుగాలికి ఊపిరాడ్తలేదు…"

తెలుగు. అదీ వాళ్ల జగిత్యాల దిక్కు తెలుగు.

భయం ఎంతసేపున్నదో గని, దాని ఎంబడే కోపం లేసింది. తాళం తీసి తలుపు గుంజి టార్చి కొట్టిండు.

కిటికీకి నోరానిచ్చి ఒక మనిషి. మాసిన గడ్డం. ఒంటి మీద తడి చద్దరు, దాని అంచుల నుంచి నీళ్లు నేల మీద కారుతున్నయి.

"ఎవలే నువ్వు?"

"భోజన్న అంటరు. ఖల్లివెల్లిని తమ్మీ."

కంపెనీ ఇడిసి ఉరికొచ్చి, కాయిదాల్లేక దాక్కొని బతికేటోన్ని ఇక్కడ అట్లనే అంటరు.

"ఖాదర్ భాయ్ రాత్రి పండనిచ్చి తాళమేస్తడు, తెల్లారకముందే బయటికి ఇడుస్తడు. ఎవ్వలు రావద్దని జిన్ను కథ ఆయిననే పుట్టిచ్చిండు. నువ్వు తలుపు తీస్తె పరుపు కింది పెట్టెల నక్కిన. ఉడుకకు తాళలేక చద్దరు తడిపి కప్పుకుంట…"

క్యాంపుల ఏసీ చెడిపోయిననాడు దేవేందర్ గూడ అట్లనే పండుకున్నడు. పండుకోనోడెవడు? అది ఎరిగుండి గూడ ఇన్నాళ్లు పైకప్పు మీదనే వెదికిండు. దాంతోని ఇంకింత మండింది.

"నీ చద్దరు నా ఛుట్టీని ముంచిందే," అని గొంతు లేపకుంటనే నోటికొచ్చినట్టు తిట్టిండు. భోజన్న తల వంచుకొని ఇన్నడు.

"ఆ ఏడుపు గూడ ఉత్త కథేనా?"

భోజన్న చద్దరు అంచుతోని కండ్లొత్తుకున్నడు.

దేవేందర్ బయటికి పోయిండు. ముదీర్‌ను పిలుస్తడనే అనుకున్నడు భోజన్న. దేవేందర్ సబ్బునీళ్ల టబ్బు కడిగి తెచ్చి ఠప్పున ముంగట పెట్టిండు.

"చద్దరు దీంట్లనే పిండు. చీకటితోనే నేల తుడువు. సుక్క మిగిలిందో, నేనే పట్టిస్త."

పోతపోత కత్తి తీసి కిటికీ రబ్బరును కింది నుంచి ఇంత కోసిండు. లోపలికి గాలాడాలె గదా.

తెల్లారి నేల పొడిగున్నది. ఛుట్టీ ఇచ్చుకుంట అందరి ముందు ముదీర్ నవ్విండు. "లీకే ఉండె. అయితె జిన్ను లేదన్నట్టు?"

ఖాదర్ హుస్సేన్ మొఖం పాలిపోయింది.

"లేదని ఎవలన్నరు?" దేవేందర్ కస్సుమన్నడు. "ఉంది సార్. నా కండ్లతోని చూసిన. చీకటిపడ్డంక ఆ దిక్కు ఎవ్వలు పోవద్దు."