పిలుపుల మలుపు

ఆ ఏటి మలుపులో రాత్రి పడుకున్నవాళ్ళని ఎవరో పిలుస్తారని పేరు.

ఎవరు పిలుస్తారో తెలియదు. ఎందుకో తెలియదు. పిలిస్తే పలక్కూడదని మాత్రం అడవి గేటు దగ్గర కాపలాదారు ప్రతి బండినీ ఆపి చెబుతాడట. "అది నక్కలా కూయదు బాబూ. ఆడమనిషిలా ఏడవదు. మీవాళ్ళ గొంతుతోనే పిలుస్తుంది..."

కలప కొలిచేవాళ్ళు ఇద్దరు ఒకసారి అక్కడ టెంటు వేసుకున్నారు. తెల్లారి చూస్తే దుప్పట్లు పక్కకి తీసి ఉన్నాయి. రెండు జతల చెప్పులు పక్కపక్కనే, ఏటి వైపు తిరిగి ఉన్నాయి. మనుషులు లేరు.

ఈ సంగతి నాకు చెప్పింది మా కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే ఆయన. నేను ముందు కౌంటర్లో ఫ్రేములు చూపిస్తుంటాను. ఆయన వెనకగదిలో చక్రం దగ్గర కూర్చుంటాడు. కథలు అల్లే మనిషి కాదు. అద్దంలో వెంట్రుకవాసి తేడా వస్తే ఆ పూట అన్నం సయించని మనిషి. ఒక సాయంత్రం కరెంటు పోయి చక్రం ఆగిపోయింది. బయట వాన. షాపులో ఇద్దరమే. అప్పుడు చెప్పాడు.

ఆయన అత్తవారింట్లో ఏటా సెలవుల్లో అందరూ కలిసి అడవికి వెళ్ళి, రెండు రోజులు టెంట్లలో ఉండి రావడం అలవాటు. ఈయన పెద్దల్లుడు. పదకొండేళ్ళు చోటు చూసింది ఈయనే. నేల మీద వెల్లకిలా పడుకుని వాలు ఎటుందో చూసేవాడు. జేబులోంచి స్టీలు స్కేలు తీసి మట్టిలో గుచ్చి, మేకు నిలుస్తుందో లేదో చూసేవాడు. పైన ఎండుకొమ్మలున్నాయా, గాలి ఎటునుంచి వస్తోంది, పొద్దున్నే ఎండ ఎక్కడ పడుతుంది — అన్నీ చూసుకుని, చివరికి కాలితో గీత గీసి "ఇక్కడ" అనేవాడు. అత్తగారు వెంటనే ఆ గీత పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. ఇక దానికి తిరుగులేదు.

"ఆ ఒక్క మాట అనడం కోసం ఏడాదంతా ఎదురుచూసేవాణ్ణండీ," అన్నాడు. "ఇక్కడ నా మాట ఎవడు వింటాడు? అద్దం బాగుంటే డాక్టరు గొప్ప. బాగాలేకపోతే నా తప్పు."

తర్వాత మరదలికి పెళ్ళయింది. చిన్నల్లుడు వచ్చాడు. ఊరికి నీళ్ళు తోడే పంపుహౌసులో ఆపరేటరు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గట్టిగా మాట్లాడడు. ఈయన్ని మొదటి రోజు నుంచీ "అన్నయ్యా" అనే పిలిచాడు. ఈయన మాత్రం ఒక్కనాడూ "తమ్ముడూ" అనలేదు. "ఏమయ్యా పంపూ" అనేవాడు. అందరూ నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఈయనకి ఇంకా మంట.

మొదటి ఏడాదే జరిగింది. ఈయన "ఇక్కడ" అన్న చోట టెంటు వేశాక, అతను పైకి చూసి, ఎవరికీ వినపడకుండా, "అన్నయ్యా, పది అడుగులు అటు జరుపుకుందామా?" అన్నాడు. ఈయన లెక్కచేయలేదు. మరదలు విని, అందరికీ చెప్పింది. జరిపారు. ఆ రాత్రి ఒక కొమ్మ విరిగి సరిగ్గా పాత చోట పడింది.

అంతే. ఆ మర్నాటి నుంచి అత్తగారు, "చిన్నల్లుణ్ణి ఒకమాట అడగండి బాబూ," అనడం మొదలుపెట్టింది.

ఇంకొకటి ఉంది. అది చెప్పడానికి ఆయన కాస్త ఇబ్బంది పడ్డాడు.

"నన్ను పెళ్ళయిన నాటి నుంచీ 'బాబూ, మీరు' అంటుందండీ మా అత్తగారు. వాణ్ణి ఆర్నెల్లకే 'నాన్నా, నువ్వు' అంది. మర్యాదకేం, చాలా ఇచ్చింది నాకు. కానీ..."



చిన్నల్లుడు వచ్చిన మూడో ఏడాది ఆ పిలుపుల మలుపున్న అడవికి వెళ్ళారు. మొత్తం అయిదుగురు. ఈయన, భార్య, మరదలు, ఆమె భర్త, అత్తగారు. కాపలాదారు చెప్పాల్సింది చెప్పాడు. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఈయన నవ్వేశాడు.

ఏటి దగ్గరికి వెళ్ళి చూస్తే — అంత మంచి చోటు ఆయన జన్మలో చూడలేదట. ఏరు చంద్రవంకలా తిరిగే చోట, లోపలివైపు చదునైన ఇసుక. పరుపు పరిచినట్టుంది. గులకరాయి లేదు. పైన కొమ్మ లేదు. నీళ్ళు చీలమండ లోతు కూడా లేవు. ఆయన పడుకుని చూశాడు. స్కేలు గుచ్చి చూశాడు. లేచి, గట్టిగా గీత గీసి, "ఇక్కడ!" అన్నాడు.

అత్తగారు కుర్చీ తెరవలేదు. చిన్నల్లుడి వైపు చూసింది.

అతను ఒక పొద దగ్గర నిలబడి ఉన్నాడు. ఛాతీ ఎత్తున, పొద కొమ్మల మధ్య ఎండుగడ్డి, పుల్లలు చుట్టుకుని ఉన్నాయి. వాటిని వేలితో కదిపి చూశాడు.

"అన్నయ్యా... ఈ గడ్డి ఇక్కడ మొలిచింది కాదు. నీళ్ళు తెచ్చి పెట్టింది. అంటే ఒక్కోసారి నీళ్ళు ఇంత ఎత్తున వస్తాయి."

"ఆకాశం చూశావా? మబ్బు తునక ఉందా?"

"ఇక్కడ లేదు. పైన, కొండల్లో ఉంటే చాలు కదా."

"కాపలావాడి మాటకి భయపడ్డావని చెప్పవయ్యా పంపూ. పర్లేదు, మేమేం అనుకోం."

అతను నవ్వి ఊరుకున్నాడు. గట్టు మీదికెక్కి ఒక చోటు చూపించాడు. రాళ్ళ నేల. మేకు దిగాలంటే చేతులు పడిపోతాయి. నీళ్ళు కిందినుంచి మోసుకెళ్ళాలి. అత్తగారు మోకాళ్ళు పట్టుకుని ఆ గట్టెక్కి, అక్కడ కుర్చీ వేసుకుంది.

"ఇక్కడే బాగుంది నాన్నా," అంది.

ఈయనకి ఒళ్ళు భగ్గుమంది. తన టెంటు, తన దుప్పటి తీసుకుని కిందికి దిగిపోయాడు. భార్య వెనకాలే వచ్చి, "ఇదేం పంతమండీ, చిన్నపిల్లాడిలా? నలుగురిలో నవ్వులపాలు కాకండి," అంది. "నవ్వేవాళ్ళు పైన ఉన్నారుగా, వెళ్ళు," అన్నాడు. ఆమె వెళ్ళిపోయింది.

చీకటి పడింది.

పైన మంట వేసుకున్నారు. టీ కాచుకుంటున్నారు. మాటలు వినపడవు గానీ నవ్వులు వినపడుతున్నాయి. ఒక్కో నవ్వూ తన మీదేనేమో అనిపించింది. భార్య నవ్వు కూడా విన్నాడు. తను పక్కన ఉన్నప్పుడు ఆమె అలా నవ్వి ఎన్నాళ్ళయింది... అని లెక్కపెట్టుకున్నాడు.

తర్వాత మంట ఆరింది. నవ్వులు ఆగాయి.

ఏటి చప్పుడు మాత్రమే. ఆ చప్పుడు కూడా... కాసేపటికి తగ్గినట్టనిపించింది. కీచురాళ్ళు ఒక్కసారిగా మానేశాయి. చెవులు దిబ్బడ వేసినట్టు నిశ్శబ్దం.

అప్పుడు —

"నాన్నా..."

ఆయన కళ్ళు తెరిచాడు. అత్తగారి గొంతు. ఏటి వైపు నుంచి.

చిన్నల్లుడు పైన ఉన్నాడు కదా, ఇటెందుకు పిలుస్తోంది, అనుకున్నాడు.

"నాన్నా... పెద్దల్లుడూ... నిన్నే."

ఆయన లేచి కూర్చున్నాడు. భయంతో కాదు. "భయం ఒక్క పిసరు కూడా వేయలేదండీ," అన్నాడు నాతో. "కాపలావాడు గుర్తే రాలేదు. నన్ను 'నాన్నా' అంది. అదొక్కటే వినపడింది."

టెంటు గుడ్డ తప్పించి చూశాడు. వెన్నెల మసగ్గా ఉంది. ఏటి మధ్యలో ఒక బండ. బండ మీద శాలువా కప్పుకుని, అటు తిరిగి కూర్చుని ఉందావిడ. పాదాలు నీళ్ళలో ఉన్నాయి.

"నువ్వు చూసిన చోటే బాగుంది నాన్నా. పైన రాళ్ళు గుచ్చుకుంటున్నాయి. అందరం వచ్చేశాం... నువ్వే రావాలి."

చెప్పులు విడిచాడు. ఇసుక చల్లగా తగిలింది. ఒక అడుగు... ఇంకో అడుగు... నవ్వొస్తోందట ఆయనకి. కళ్ళల్లో నీళ్ళు కూడా. నీళ్ళలో కాలు పెట్టాడు. మధ్యాహ్నం చీలమండ కూడా తడవని ఏరు — పిక్కలు దాటింది. అది కూడా పట్టలేదు.

వెనక ఎక్కడో ఎవరో అరుస్తున్నారు. "అన్నయ్యా! నీళ్ళొస్తున్నాయి! వెనక్కి రండి!"

ఏడుపుగొట్టు, నన్ను చూసి ఓర్వలేకపోతున్నాడు... అనుకున్నాడు. తిరిగి చూడలేదు.

"రా నాన్నా... పదడుగులే..."

మోకాలి దాకా వచ్చింది నీరు.

గట్టు మీద అరుపు ఆగింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత అదే గొంతు, ఈసారి చాలా తాపీగా —

"అన్నయ్యా! మీ టెంటు వంకరగా వేశారు. మీకు చేతకాకపోతే నన్ను పిలవాల్సింది కదా. నేనొచ్చి సరిచేయనా?"

ఆయన ఠక్కున ఆగిపోయాడు.

"నా టెంటు వంకరా?"

చేస్తున్న పని, వెళ్తున్న చోటు, పిలిచిన మనిషి — అన్నీ ఎగిరిపోయాయి. గిరుక్కున తిరిగాడు. గట్టు మీద టార్చి వెలుగు. దాని వెనక పొడుగ్గా ఆ పంపు మనిషి. "రా కిందికి! స్కేలు పెట్టి చూపిస్తా! ఎవడిది వంకరో తేలుద్దాం!" అని అరుస్తూ, నీళ్ళు తన్నుకుంటూ, ఇసుక దాటి, గట్టెక్కాడు. చొక్కా పట్టుకోబోయాడు. అతనే ఈయన మణికట్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజి పైకి లాగేశాడు.

అప్పుడు వినపడింది. లారీలు వరసగా వస్తున్నట్టు చప్పుడు.

నీళ్ళు మలుపు తిరిగి వచ్చాయి. బురద, దుంగలు, నురగ. ఇసుక అంతా ఒక్కసారిగా మాయమైంది. వంకరో తిన్ననో, టెంటు రెండు గింగిరాలు తిరిగి కనపడకుండా పోయింది. నీళ్ళు వచ్చి వచ్చి, ఆ పొద దగ్గర, ఆ ఎండుగడ్డి ఉన్న ఎత్తున ఆగాయి.

"అత్తయ్యగారు!" అని కేకపెట్టాడీయన. "ఏటి మధ్యలో, బండ మీద..."

అతను టార్చి అటు తిప్పాడు. బండ లేదు. మునిగిపోయిందేమో అనుకోవచ్చు. కానీ మధ్యాహ్నం అయిదుగురూ ఆ ఏటిని చూశారు. అక్కడ బండ ఎప్పుడూ లేదు.

అలికిడికి పెద్ద టెంటులోంచి అత్తగారు తల బయటపెట్టింది. నిద్రకళ్ళు. జుట్టంతా రేగి ఉంది.

"ఏమైంది బాబూ? మీరింకా పడుకోలేదా?"

'బాబూ' అంది. 'మీరు' అంది.

ఈయన అక్కడే రాళ్ళ మీద కూలబడిపోయాడు. భార్య వచ్చి తడి కాళ్ళు చూసి, తువ్వాలుతో తుడిచింది.

తెల్లవారుజామున మిగిలినవాళ్ళు సామాను సర్దుతుంటే, తోడల్లుళ్ళిద్దరూ గట్టు అంచున కూర్చున్నారు.

ఈయనే అడిగాడు. "నువ్వెలా లేచావు ఆ వేళప్పుడు? నీళ్ళ చప్పుడు విన్నావా?"

"లేదన్నయ్యా. అప్పటికి చప్పుడే లేదు."

"మరి?"

అతను గులకరాయి ఒకటి తీసుకుని అరచేతిలో దొర్లిస్తూ కూర్చున్నాడు. తర్వాత గొంతు బాగా తగ్గించాడు.

"నన్నూ పిలిచారు."

"ఎవరు?"

"మీరు."

"నేను పిలవలేదే..."

"మీ గొంతే. కిందినుంచి. 'తమ్ముడూ... నీ మాటే నిజం. ఇన్నాళ్ళూ నీ మీద కుళ్ళుకున్నాను. నీకున్న తెలివి నాకు లేదు. ఒక్కసారి కిందికి రా, మనసులో మాట చెప్పుకోవాలి' అన్నారు. లేచి కూర్చున్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా నాలుగడుగులు వేశాను. మీరు ఆ మాట అంటే వినాలని... మూడేళ్ళుగా ఉంది నాకు."

"మరి ఎందుకు ఆగావు?"

అతను తల తిప్పి ఈయన కళ్ళలోకి చూశాడు.

"మీరు ఆ మాట అనరు కదన్నయ్యా. చచ్చినా అనరు. అందుకే... పిలుస్తున్నది మీరు కాదని తెలిసిపోయింది. అప్పుడు టార్చి వేసి చూస్తే, మీరు పెరుగుతున్న నీళ్ళలోకి నడుస్తున్నారు."

ఇక్కడిదాకా చెప్పి మా అద్దాల ఆయన ఊరుకున్నాడు. బయట వాన ఇంకా పడుతూనే ఉంది. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి అడిగాను.

"పోనీ, ఆ తర్వాతైనా ఆ మాట అతనితో అన్నారా? ఒక్కసారి... 'తమ్ముడూ' అని?"

ఆయన చీకట్లో నా వైపు తిరిగాడు. మొహం సరిగ్గా కనపడలేదు.

"అనాలనే ఉందండీ. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది," అన్నాడు. "కానీ ఇప్పుడంటే... పిలిచింది నేనేనని వాడెలా నమ్ముతాడు?"