కరగని పన్నెండు రూబుళ్లు

సముద్రం దాటొచ్చిన తెలుగువాళ్లుండే రేవుపేట పజుండౌంగ్‌లో ఢిల్లేశ్వరరావు గారికి అల్లుళ్లకు లోటు లేదు. బట్టలు కుట్టేవాడు, జోళ్లు కుట్టేవాడు, సాంపాన్ పడవ నడిపేవాడు, అందరూ అల్లుళ్లే. ‘అల్లుడూ’ అని పిలిస్తే కూలిలో ఒక అణా తగ్గుతుందని ఆ రేవు గుమాస్తా ఏనాడో కనిపెట్టాడు.

కంసాలి చంద్రరావు కూడా ఆ లెక్కలో అల్లుడే. కాకపోతే ఆ మాట నిజమైతే బాగుండునని రోజూ అనుకునేవాడు అతనొక్కడే. దానికి కారణం ఆయన కూతురు రత్నం. ఆ కారణం ఇప్పుడు వానలో తడిసిన గొడుగు ముడుస్తూ అతని కొట్లోకొచ్చింది.

“పట్టీలు అయ్యాయేటి?”

“మీ నాన్న ఇచ్చిన నాణెం కరగనేదు.”

“మూడ్రోజులా? ఆదివారం తామ్వే నుంచి పెళ్లివారొస్తారు. పట్టీల్లేకపోతే నాన్న చూపులు ఆపేస్తాడు. కావాలనే సేస్తన్నావు కదూ?”

“ఒట్టు. ఊది ఊది నేను కరిగిపోతన్నాను గానీ, ఇది కరగట్నేదు.”

రత్నం నవ్వు దాచుకోడానికి గొడుగు మళ్లీ తెరవాల్సొచ్చింది.

ఎప్పుడో రత్నం వాళ్ల తాతకి ఓ రష్యా కళాసీ ఇచ్చిన తెల్ల నాణెం అది. రూపాయి కన్నా కాస్త పెద్దది, మూడున్నర రూపాయల బరువు. వెండి నీరయ్యే మంటలో దానికి చెమటైనా పట్టలేదు.

ఇద్దరూ దాన్ని పక్క వీధిలో గడియారాలు బాగుచేసే రష్యా ముసలాయన దగ్గరికి పట్టుకెళ్లారు. ఆయన కంటికి అద్దం పెట్టుకుని చూశాడు. లేచి నిలబడి టోపీ తీశాడు.

“వెండి కాదు, ప్లాటినం. పన్నెండు రూబుళ్లు,” అన్నాడు వచ్చీరాని హిందుస్తానీలో. “పద్దెనిమిది వందల ముప్పై ఆరు. ఆ ఏడు పదకొండే అచ్చుకొట్టారు.”

“పదకొండు వేలా?”

ఆయన తన పది వేళ్లూ చూపించి, పదకొండోదానికి చంద్రరావు వేలు అరువు తీసుకున్నాడు.

అంత చక్రవర్తి, అంత దేశం, పదకొండు నాణేలు. అందులో ఒకటి ముప్పై ఏళ్లు ఢిల్లేశ్వరరావు ఇంట్లో ఆవకాయ జాడీ మూత మీద బరువుగా కూర్చుంది.

బయటికొచ్చాక రత్నం మెల్లగా అంది: “నాన్నకి ఇనుమని సెప్పెయ్. పట్టీలుండవు, చూపులుండవు. నిజం సెప్తే ఏ జమీందారు సంబంధమో తెస్తాడు.”

ఆమె మనసు చంద్రరావుకి తెలిసింది అప్పుడే. గంతెయ్యాలనిపించింది. గుప్పిట్లో నాణెం బరువుగా తగిలింది.

“పదకొండే అంట, రత్నం. దీని ముందు అబద్ధానికి నోరు రావట్నేదు.”

ఢిల్లేశ్వరరావు అంతా విన్నాడు. చేతులు తుడుచుకుని మరీ నాణేన్ని పట్టుకున్నాడు. ఆవకాయ వాసన వస్తోందేమోనని తువ్వాలుతో అద్దాడు. చాలాసేపు చూశాడు.

“ఇనుమని సెప్పి నువ్వే ఉంచేసుకుంటే నాకు తెలుసునేటి?”

“తెలీదు మావా.”

“ఇలా నిజం సెప్పేవోళ్లని ఎంతమందిని అచ్చుకొట్టారో మరి,” అన్నాడాయన, నాణెంతో అన్నట్టు. “తామ్వే వాళ్లని రావద్దని కబురెట్టు, అల్లుడూ.”

గుమ్మం వెనకనుంచి రత్నం అడిగింది: “నాన్నా, ఈ అల్లుడు కూలి తగ్గించడానికా, నిజంగానా?”

ఢిల్లేశ్వరరావు మొలలోంచి సంచీ తీశాడు.

“మూడ్రోజుల కూలి ఎంతో అడుగమ్మా. పూర్తిగా ఇచ్చేస్తాను.”